మామకీ అల్లుడికీ మధ్య పడ్డ బంతి

ఆ ఇంట్లో మామా అల్లుడూ గోడతో మాట్లాడేవారు.

"పాలు విరిగినట్టున్నాయి," అనేవాడు మామ వంటగది గోడకేసి చూస్తూ. "వచ్చేటప్పుడు తెస్తే సరి," అనేవాడు అల్లుడు గుమ్మం పక్కనున్న చెప్పులకేసి చూస్తూ. ఎవరు తేవాలో ఎవరూ తేల్చేవారు కాదు. సాయంత్రానికి ఒక్కోసారి రెండేసి పాకెట్లు వచ్చేవి, ఒక్కోసారి అసలే వచ్చేవి కావు.

ఆమె ఉన్నప్పుడు ఈ తంటా లేదు. ఒకరికి కూతురు, ఇంకొకరికి భార్య. మామ బస్సు డిపోలో డ్రైవరు. అల్లుడు అద్దాల దుకాణంలో గాజు పలకలు కోసేవాడు. తల్లి ఎప్పుడో పోవడంతో తండ్రిని ఒంటరిగా వదిలి రానంది ఆమె. సరేనని అల్లుడే రెండు పెట్టెలతో ఆ ఇంటికి వచ్చాడు. మగవాళ్ళిద్దరూ ఒకరిని మించి ఒకరు మాటల పొదుపరులు. ఆమె మధ్యలో కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ అందించేది.

"నాన్నా, ఆయన రేపు తొందరగా వెళ్ళాలిట. ముందు ఆయన్ని స్నానానికి వెళ్ళనీ."

"ఏమండీ, మీ మామగారికి ఆ ఫ్యాను చప్పుడుకి నిద్ర పట్టట్లేదుట. స్క్రూ ఏదో చూడండి."

ముగ్గురూ ఒకే గదిలో ఉన్నా ఇదే వరస. మామ చెప్పింది అల్లుడు చెవులారా వినేవాడు, అయినా ఆమె మళ్ళీ చెప్పేదాకా విననట్టే ఉండేవాడు. "నేను నాలుగు రోజులు ఊరెళ్తే మీరిద్దరూ సైగలతో బతుకుతారు కాబోలు," అని ఆమె నవ్వేది.

జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. జ్వరం మెదడుకి పాకిందన్నారు, ఆలస్యమైందన్నారు, కాలేదు, ఎవరికైనా ఇంతేనన్నారు. ఏ మాట పట్టుకుని ఏడవాలో కూడా తెలియకుండా అంతా అయిపోయింది. వచ్చినవాళ్ళు వచ్చారు, ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరు మిగిలారు.

అల్లుడికి ఒంట్లో ఏ జబ్బూ లేదు. అలసట ఒక్కటే. పొద్దున కళ్ళు తెరవగానే అలసట. చొక్కా గుండీలు పెట్టుకునేసరికి, సగం గుండీల దగ్గరే, ఇంక చాలనిపించేది. దుకాణంలో మాత్రం గాజు మీద గీత గీసి, వెనక నుంచి చిన్నగా తట్టి విరిచే పని చేతులు వాటంతటవే చేసుకుపోయేవి. తీరా ఇంటికొచ్చి మంచం మీద వాలితే నిద్ర దగ్గరికి వచ్చేది కాదు. ఇంత అలసిన మనిషికి నిద్ర రాకపోవడం ఎక్కడి న్యాయమో అతనికి అంతుబట్టేది కాదు.

ఒక శనివారం సాయంత్రం మామ డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడతో అన్నాడు: "రేపు మా వాలీబాల్ టీములో ఒక మనిషి తక్కువ."

అల్లుడు చెప్పులకేసి చూశాడు.

"ఒకాయనకి బదిలీ అయింది. పొడుగున్నవాళ్ళు దొరికితే బావుణ్ణంటున్నారు."

ఇంట్లో పొడుగున్నవాడు ఒక్కడే. ఆ ఒక్కడికీ వెళ్ళాలని లేదు. కానీ వెళ్ళనంటే ఎందుకని అడుగుతారు, ఏదో చెప్పాలి, చెప్పింది నమ్మించాలి. కాదనడానికి కావలసినన్ని మాటలు అతని దగ్గర లేవు. "ఎన్నింటికి?" అన్నాడు.

డిపో వెనక, బస్సులు కడిగే జాగా పక్కన ఉంది ఆ కోర్టు. నేల మీద నూనె మరకలు. పాత టైర్లలో సిమెంటు పోసి రెండు ఇనప కడ్డీలు నిలబెట్టి, మధ్యన నెట్ కట్టారు. నెట్‌కి ఎన్ని చోట్ల ముడులు వేశారంటే, అసలు నెట్ కన్నా ముడులే ఎక్కువున్నాయి. టీముకి కెప్టెన్ ఒక నడివయసు ఆవిడ, కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీంచి ముందున్న డ్రైవరుకి వినపడేలా ఏళ్ళ తరబడి అరవడంతో ఆవిడ గొంతు అక్కడే స్థిరపడిపోయింది. పక్కన నిలబడ్డ వాళ్ళతో కూడా అదే గొంతు. అందరూ కండక్టరమ్మ అంటారు.

"ఎప్పుడైనా ఆడావా బాబూ?"

"స్కూల్లో ఉన్నప్పుడు."

"అంటే లేదన్నమాట. వెనక వరసలో, మీ మామ పక్కన నిలబడు. బంతి వస్తే కింద పడనీకు. అంతే ఆట."

వినడానికి అంతే. మొదటి బంతి అతని ముక్కుకి తగిలింది. రెండోది చేతుల మధ్య నుంచి జారి పొట్టకి తగిలింది. మూడోది ఎక్కడికి వస్తుందా అని చూస్తూ ఉండగానే అది వచ్చి, పడి, పక్కనున్న బస్సు కిందికి దొర్లిపోయింది. టైర్ల సెక్షన్లో పనిచేసే లావుపాటి ఆయన ఒకడున్నాడు. పనిని బట్టో ఆకారాన్ని బట్టో అందరూ అతన్ని టైరు అనే పిలుస్తారు. అతను నడుము మీద చేతులు పెట్టుకుని, "గోడకి తగిలించిన అద్దంలా నిలబడ్డావేంటయ్యా? నువ్వు బంతిని చూస్తున్నావా, బంతికి దాని ముఖం చూపిస్తున్నావా?" అన్నాడు. అద్దాలు కోసే మనిషని తెలిశాక ఇంకేముంది, ఆ పూటతో అతని పేరు అద్దం అయి కూర్చుంది.

అన్నిటికన్నా నగుబాటు చివర్లో జరిగింది. నెట్ అవతలి నుంచి బంతి తీరిగ్గా, పండు రాలినట్టు, సరిగ్గా మామకీ అల్లుడికీ మధ్యకి వచ్చింది. ఇద్దరూ చెరో అడుగు ముందుకేశారు. ఇద్దరూ ఆగారు.

"మీరు తీసుకోండి," అన్నాడు అల్లుడు.

"పరవాలేదు బాబూ, మీరే..." అన్నాడు మామ.

బంతి ఇద్దరి మధ్యా పడి, ఒకసారి ఎగిరి, ఇద్దరి కాళ్ళూ చూసి ఆగిపోయింది. అందరూ నవ్వి నవ్వి నెట్ పట్టుకుని వేళ్ళాడారు. ఆ నవ్వుల మధ్య అల్లుడికి ఒక్క సంగతి తట్టింది. ఇన్ని నెలల్లో మామ అతని ముఖం చూసి మాట్లాడటం ఇదే మొదలు.

కండక్టరమ్మ నవ్వలేదు. "ఇదిగో, ఇక్కడ మీరూ గీరూ పనికిరావు. మీ మర్యాదలు పూర్తయ్యేలోపు పాయింటు పోతోంది. నాదంటే నాది, నీదంటే నీది. గట్టిగా అరవాలి."

"అల్లుడు కదమ్మా," అన్నాడు మామ నసుగుతూ. "నువ్వు అని ఎలా..."

"అల్లుడు బయట. గీత లోపల ఆరోవాడు."

ఆ మధ్యాహ్నం అల్లుడు ఇంటికొచ్చి, బూట్లు విప్పుదామని మంచం మీద కూర్చున్నాడు. మెలకువ వచ్చేసరికి చీకటి పడుతోంది. ఒక బూటు ఇంకా కాలికే ఉంది.

ఆ నిద్ర కోసమే అతను మళ్ళీ ఆదివారం వెళ్ళాడు. ఆట మీద ప్రేమ కలిగిందనో, మనసు తేలికపడిందనో అనుకుంటే పొరపాటు. కోర్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు కాళ్ళు ఈడ్చుకుంటూనే వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు ఒళ్ళు హూనమయ్యేది. మణికట్ల దగ్గర నుంచి మోచేతుల దాకా ఎర్రగా కమిలిపోయేది. "ఆ చేతులకి ఏమన్నా అయితే రేపు గాజు ఎవరు కోస్తారు, మీ కండక్టరమ్మా?" అని దుకాణం యజమాని సణిగేవాడు. అయినా ఈ నొప్పి ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించగలిగేవాడు. రెండు రోజులకి తగ్గేది కూడా. మిగతా దానికి ఆ వీలు లేదు.

కొన్ని వారాలు గడిచాక బంతి కింద మోకాళ్ళు వంచి నిలబడటం వచ్చింది. మామ ఆ టీములో లిఫ్టరు, అంటే స్మాష్ కొట్టేవాళ్ళకి బంతిని నెట్ పక్కన గాల్లోకి లేపి ఇచ్చేవాడు. వెనక నుంచి అల్లుడు బంతిని పైకి పంపితేనే ఆయన పని మొదలవుతుంది. ఒకరోజు పక్కకి పోతున్న బంతిని చూసి మామ ఉన్నపళాన గొంతు చించుకున్నాడు: "ఒరే, నీదిరా!" అల్లుడు ఆలోచించకుండా పడి లేపాడు. "మామా!" అని అరిచాడు. మామ అందించాడు, టైరు కొట్టాడు, పాయింటు వచ్చింది. ఆ తర్వాత మామా అల్లుడూ చాలాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో వేరువేరు సీట్లలో కూర్చున్నారు.

ఇంట్లో మళ్ళీ గోడే. కానీ ఒక పొద్దున మామ గడ్డం గీసుకుంటూ, "పాలు పొంగుతున్నాయి చూడరా!" అని కేకేశాడు. అల్లుడు పరిగెత్తి స్టవ్ ఆపాడు. మామ సగం సబ్బు ముఖంతో గుమ్మంలోకి వచ్చి, ఏదో సర్దుకుందామని నోరు తెరిచి, దగ్గి వెళ్ళిపోయాడు.

ఇలా కాస్త ఊపిరాడుతోందనుకునే వేళకి మామ వాళ్ళ అక్క వచ్చింది. చూసి పోదామని వచ్చిన పెద్దావిడ. ఆవిడ చెడ్డది కాదు, మనసులో మాట నోట్లో ఆగదు, అంతే. అల్లుడు పని నుంచి వచ్చి మెట్లెక్కుతుండగా లోపలి మాటలు వినపడ్డాయి.

"ఒరే తమ్ముడూ, ఆ అబ్బాయి ఇంకా ఇక్కడే ఉన్నాడేంట్రా? అమ్మాయే లేనప్పుడు అతనేమవుతాడు నీకు? వయసులో ఉన్నవాడు, రేపు ఇంకో పెళ్ళి చేసుకోడా? చేసుకుని ఈ ఇంటికే తీసుకొస్తాడా?"

మామ ఏమన్నాడో వినపడలేదు. వినాలని అతను ఆగనూ లేదు. వచ్చిన దారినే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ మీద కోపం రాలేదు. ఆ ప్రశ్న అతను రోజూ తనని తాను అడుగుతున్నదే. భార్య లేని అల్లుణ్ణి ఏమంటారు? పెద్ద రోడ్డు చివర సైకిల్ షాపు మీద గది ఖాళీ ఉందని బోర్డు కనిపిస్తే, వెళ్ళి చూశాడు. ఒక కిటికీ, ఒక కొళాయి, పెచ్చులూడిన గోడ. నెల తిరిగాక చెప్తానన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారమే నీళ్ళ ఆఫీసు టీముతో మ్యాచ్. నీళ్ళ ఆఫీసు వాళ్ళలో బట్టతల గుమాస్తా ఒకాయన ఉన్నాడు. కళ్ళజోడు ఊడకుండా తలవెనక దారంతో కట్టుకుని, ఎవరికీ హాని చెయ్యని మనిషిలా కనిపిస్తాడు. సర్వీసు మాత్రం కనికరం లేకుండా వేస్తాడు. రెండు బంతులు వేసేసరికి ఎదుటివాళ్ళలో ఎవరు బలహీనమో ఆయనకి తెలిసిపోయింది. మూడోది అల్లుడి మీదికే వేశాడు. అది చేతికి తగిలి ఎటో పోయింది. నాలుగోదీ అతనికే. అదీ పోయింది. ఆ తర్వాత గుమాస్తా వేరే ఎవరి వంకా చూడలేదు.

అల్లుడి చెవులు వేడెక్కాయి. ప్రతిసారీ బంతి తననే వెతుక్కుంటూ రావడం, ప్రతిసారీ కింద పడటం, ప్రతిసారీ అవతలివాళ్ళు చప్పట్లు కొట్టడం. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు డాక్టరు బయటికి వచ్చిన ప్రతిసారీ ఇలాగే ఉండేది. ఇంక చాలనిపించింది. ఆట ఆపమని చెయ్యెత్తి కండక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"నావల్ల కావట్లేదు. నన్ను తీసెయ్యండి."

"తీసి ఎవర్ని పెట్టను? ఉన్నదే ఆరుగురం," అందావిడ. ఈసారి గొంతు తగ్గించింది. ఆవిడకి గొంతు తగ్గించడం కూడా వచ్చని అతనికి అప్పుడే తెలిసింది. "నువ్వు కూర్చుంటే ఆట ఆగిపోతుంది నాయనా. పోతే పోనీ, ఓడిపోదాం. కానీ నిలబడి ఓడిపోదాం. వెళ్ళు."

వెళ్ళి నిలబడ్డాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. టైరు వెనక్కి వచ్చి వీపు మీద ఒకటి చరిచి వెళ్ళాడు. ఎవరూ విసుక్కోలేదు. ఎవరూ జాలి కూడా పడలేదు. ఈ నాలుగైదు నెలల్లో జాలి లేకుండా అతన్ని తాకిన చేతులు ఇవే. మామ దగ్గరగా వచ్చాడు.

"పోయింది పోయిందిరా. దాన్ని వదిలెయ్. మోకాళ్ళు ఇంకాస్త వంచు. వచ్చేదాన్ని చూడు."

వచ్చేదాన్ని చూశాడు. గుమాస్తా చెయ్యి ఎత్తడం చూశాడు. బంతి నెట్ మీద చిన్నగా వణుకుతూ దాటడం చూశాడు. రెండు చేతులూ కలిపి దాని కిందికి పెట్టాడు. అందంగా ఏం లేవలేదు గానీ, లేచింది. "మామా!" మామ పరిగెత్తి అందుకున్నాడు. టైరు కొట్టాడు. అవతలివాళ్ళు దాన్ని తిరిగి పంపారు, మళ్ళీ లేపారు, చివరికి ఆ పాయింటు కూడా పోయింది. మ్యాచ్ ఎలాగూ పోయింది. కానీ ఆ తర్వాత గుమాస్తా సర్వీసు వేరేవాళ్ళ మీదికి మార్చాడు. అది గమనించింది అల్లుడొక్కడే.

తిరుగు బస్సులో వెనక సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. ఇద్దరూ పక్కపక్కనే కూలబడ్డారు. చూడటానికి గోడ లేదు. మామ కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"గది చూసుకున్నావట."

"ఎవరు చెప్పారు?"

"టైరు. ఆ సైకిల్ షాపు అతని బావమరిదిదేనట."

"పెద్దత్తగారు అన్న మాట విన్నాను."

"నేనేమన్నానో విన్నావా?"

"లేదు. ఏమన్నారు?"

మామ మీసం సవరించుకున్నాడు. "అక్కా, టీ చల్లారిపోతోంది తాగు, అన్నాను."

అల్లుడికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ అలసిన ఒంట్లో ఆపుకునే బలం లేదు. మామ కూడా మీసాల్లోపలే నవ్వాడు. నవ్వు దానంతటదే అయిపోయాక, ఇంకో స్టాపు దాటాక, మామ మళ్ళీ మొదలుపెట్టాడు.

"నాకు తోచలేదురా. నువ్వేమవుతావు నాకు అంటే, ఏమవుతావో నాకూ తెలీదు. కానీ ఆ ఫ్యాను చప్పుడు చేసినప్పుడల్లా అమ్మాయి గుర్తొస్తుంది. ఆ మాట ఎవరితో అనను? మా అక్కతో అంటే ఏడుపు మొదలెడుతుంది. డిపోలో అంటే సెలవు పెట్టుకోమంటారు. నీతో అనొచ్చు. నువ్వేమీ అనవు."

"మీరూ అనట్లేదుగా."

"అనట్లేదు. అనాలనుకుంటున్నాను."

బస్సు ఆగింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. అల్లుడు తన కమిలిన చేతులు చూసుకుంటూ అన్నాడు: "చివరిసారి తెలివిలో ఉన్నప్పుడు తనేమందో తెలుసా? నాన్నకి బీపీ ఉంది, కూరల్లో ఉప్పు తగ్గించండి, అంది. అంతే. ఆ తర్వాత మాట్లాడలేదు."

"నాకు చెప్పలేదేం?"

"ఉప్పు తగ్గించాను కదా."

మామ మెల్లగా అతనివైపు తిరిగాడు. "అందుకా ఇంత చప్పగా తగలడుతోంది! నీకు వంట రాదనుకున్నాన్రా. ఇన్ని నెలలు, పాపం నొచ్చుకుంటాడేమోనని, నోరు మూసుకుని మింగాను."

ఈసారి మామ నవ్వు మధ్యలో తెగింది. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసి, చూడనట్టు మళ్ళీ అటు తిరిగింది. కోర్టులో పాయింటు పోయినప్పుడు ఏం చేస్తారో అల్లుడు అదే చేశాడు. వీపు మీద ఒకసారి గట్టిగా చరిచి, చెయ్యి అక్కడే ఉంచేశాడు.

తర్వాత ఆ గది తీసుకున్నాడా అంటే, తీసుకున్నాడు. అప్పుడే కాదు, ఇంకో మూడు నాలుగు నెలలకి. ఆ మంచం మీద ఆమె వైపు ఖాళీని చూస్తూ పడుకోవడం అతనివల్ల కాలేదు, దుకాణానికీ ఆ గదే దగ్గర. ఆ సంగతి గోడతో కాకుండా మామతోనే చెప్పాడు. మామ వద్దనలేదు. పెట్టెల్లో ఒకటి తనే మోశాడు. గదిలో కొళాయి కారుతుంటే, "ఇది చూసి తీసుకున్నావా, కళ్ళు మూసుకుని తీసుకున్నావా?" అని కేకలేసి, తనే వాషరు మార్చాడు. రెండిళ్ళలోనూ ఉప్పు తక్కువే వాడుతున్నారు. అల్లుడికి బీపీ లేకపోయినా.

అలసట పోయిందా అంటే, పోలేదు. కొన్ని పొద్దుటి పూటలు గుండీల దగ్గర అతను ఇప్పటికీ ఆగిపోతాడు. కానీ సగంలో ఆగినవాడు మిగతావి కూడా పెట్టుకుని పనికి వెళ్తున్నాడు. డిపో టీము ఆ ఏడాది దాదాపు అన్ని మ్యాచులూ ఓడిపోయింది. గెలిచింది బడి మేష్టర్ల మీద ఒక్కసారి. అదీ వాళ్ళ లిఫ్టరుకి నడుం పట్టేయడం వల్లనని టైరు నిజం ఒప్పుకున్నాడు.

మొన్న ఆదివారం ఆట అయ్యాక మామా అల్లుడూ వాదించుకుంటూ బస్సెక్కారు. వెనక గీత దగ్గర పడ్డ ఒక బంతి ఎవరిదన్నది గొడవ.

"నాది అని అరిచావు, వదిలేశావు."

"నాది అని మీరు అరిచాక వదిలేశాను."

"నేను నీది అన్నానురా!"

"సరిగ్గా పలికితేనేగా తెలిసేది!"

కండక్టరమ్మ ఆ రోజు సెలవులో ఉండి వాళ్ళతోపాటే ప్రయాణం చేస్తోంది. "చెరో సీట్లో కూర్చోండి, బస్సు ఎగిరిపోయేలా ఉంది," అని తన స్టాపులో దిగిపోయింది. వాళ్ళు చెరో సీట్లో కూర్చోలేదు. ఒక్క సీట్లోనే కూర్చుని, ఒకరు చెప్పేది ఒకరు వినకుండా కాసేపు వాదించి, ఎవరి మాట ఎక్కడ ఆగిందో తెలియకుండా ఇద్దరూ నిద్రపోయారు. దిగాల్సిన చోటు దాటిపోయింది. డ్రైవరు మామ స్నేహితుడే. అద్దంలో చూశాడు గానీ, లేపబుద్ధి కాక ఊరుకున్నాడు.

ఆఖరి స్టాపులో ఇంజను ఆగిన నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. ఎండ మండిపోతోంది. తిరుగు బస్సుకి చాలా టైముందన్నాడు డ్రైవరు. "నడుద్దామా?" అన్నాడు మామ. "నడవక చస్తామా?" అన్నాడు అల్లుడు. ఇద్దరూ మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, పక్కపక్కన, ఉసూరుమంటూ నడవడం మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక మామ, "అయినా అది నాదేరా," అన్నాడు.